వానలు పడకముందే: ఇంట్లో నూలు దర్రీ, ఉన్ని తివాచీ ఉతుకుడు ఎట్ల?

నయీంనగర్_మిద్దె
మూడు రకాలున్నయి. ఒకటి వరంగల్ కొత్తవాడ నూలు దర్రీ, 4×6 అడుగులు, ఎరుపు-నలుపు-తెలుపు చారలు, రెండు కొసలకు కుచ్చులు. రెండోది 3×5 ఉన్ని తివాచీ, చేతిముడిది అని చెప్పి అమ్మిండ్రు. మూడోది 2×3, తళతళ మెరుస్తది, బిల్లు మీద "ఆర్ట్ సిల్క్" అని ఉంది. దర్రీ మీద ఒక మూలకు పసుపు, కుంకుమ పడ్డయి, నడిమిట్ల పప్పుచారు మరక. బోరు నీళ్లు, మిద్దె మీద ఎండకు కొదవ లేదు. ఏది తడపొచ్చు, ఏది తడపొద్దు, సబ్బు ఎంత వెయ్యాలె, ఎంతసేపు ఆరబెట్టాలె చెప్పండి.

కాజీపేట_జంక్షన్
దర్రీయే కదా. రాళ్ల ఉప్పు రెండు గుప్పిళ్లు వేసి రాత్రంతా నానబెట్టుండ్రి, రంగు పట్టుకుంటది. పొద్దుగాల సర్ఫ్, సోడా వేసి బ్రష్ కొట్టుండ్రి. బండ్లు కడిగే దుకాణంల ప్రెజర్ నీళ్లు కొట్టిస్తే పది నిమిషాల్ల అయిపోతది.

పడుగుపేక
అన్నా, ఆగు. రాత్రంతా నానబెడితే ఆ ఎరుపు పోయి తెలుపు చారల మీద కూర్చుంటది. ప్రెజర్ గన్ సంగతి మరీ ఘోరం. దర్రీలో పేక, అంటే అడ్డ పోగులు, పంజా అనే ఇనుప దువ్వెనతో కొట్టి బిగించినవి, జిగురూ లేదు, కుట్టూ లేదు. ఆ ధారకు పోగులు పక్కకు జరిగి పడుగు, అంటే నిలువు పోగులు, బయటపడుతుంది. ఒకసారి జరిగినవి ఉతికినంత మాత్రాన మళ్లీ సర్దుకోవు.

మిద్దె గారు, ముందు మీ మూడు వస్తువులు నిజంగా ఏమిటో తేల్చుకోండి. దర్రీ సంగతి సులువు. రెండు వైపులా ఒకే డిజైను, బొచ్చు లేదు, నూలు. ఉన్ని దాన్ని తిరగేసి చూడండి. వెనక కూడా అదే డిజైను, చిన్న చిన్న ముడులు వరుసగా కనపడితే చేతిముడిది. వెనక గుడ్డ అంటించి ఉంటే అది టఫ్టెడ్, గన్‌తో కుచ్చి రబ్బరు పాలతో అతికించినది. దాన్ని నానబెట్టారో ఆ రబ్బరు ఉబ్బి, ఆరాక పొడిపొడిగా రాలుతుంది, వాసన వదలదు. దానికి పైపై తుడుపు ఒక్కటే దారి.

పోగు కాల్చి చూడండి. బొచ్చులోంచి అర అంగుళం పోగు తీసి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద అగ్గిపుల్ల చూపించండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోయి, బూడిద వేళ్ల మధ్య నలిగితే ఉన్ని. కాగితంలా కాలితే నూలో విస్కోసో (చెక్క గుజ్జుతో చేసే పోగు). కరిగి గట్టి పూస అయితే పాలిస్టర్ లాంటి సింథటిక్. పోగు కుచ్చులోంచి మాత్రం తీయకండి. ఉన్ని తివాచీకి కూడా పడుగు చాలాసార్లు నూలే ఉంటుంది, కుచ్చు దాని కొసే కాబట్టి జవాబు తప్పు వస్తుంది.

రంగులబాయి
"ఆర్ట్ సిల్క్" అంటే చాలాసార్లు విస్కోసే. అది తడిస్తే బలం సగానికి పడిపోతుంది, రుద్దితే పోగు చిట్లుతుంది, ఆరాక పసుపుపచ్చగా మారి గట్టిపడుతుంది. దాన్ని నీళ్ల దగ్గరికే పోనియ్యకండి. ఏదైనా ఒలికితే పొడి గుడ్డతో అద్దడం, మిగతా రోజుల్లో దులపడం, అంతే.

ఇక ఉప్పు సంగతి. నూలుకు చౌకగా వేసే డైరెక్ట్ రంగులు ఉప్పు నీళ్లలో పోగును వదలవు, ఇది నిజం. కానీ ఉప్పు ఉన్నంతసేపే. తర్వాత మంచినీళ్లలో జాడిస్తే మళ్లీ దిగుతాయి. పటిక కూడా అంతే, చెట్ల రంగులకు అద్దకం వేసేటప్పుడు పనికొస్తుంది గానీ నేసి అమ్మిన దర్రీకి ఏమీ చేయదు. వ్యాట్ అనే గట్టి రకం రంగులైతే ఉతికితే మామూలుగా పోవు. నాఫ్తాల్ అనే రకం ఎరుపు నీళ్లలో నిలబడుతుంది, రుద్దితే అంటుతుంది. అద్దకం తర్వాత సబ్బునీళ్లలో సరిగా ఉడికించకపోతే పైన మిగిలిన రంగు అది.

అందుకే పరీక్ష రెండు రకాలుగా చెయ్యాలి. తెల్లటి నూలు గుడ్డ తడిపి, ఎరుపు మీద ఒక మూల పెట్టి, పైన గ్లాసు నీళ్ల బరువుతో 2 నిమిషాలు నొక్కి ఉంచండి. తర్వాత పొడి గుడ్డతో 10 సార్లు రుద్దండి. నలుపు మీద కూడా చెయ్యండి. తడి గుడ్డకు రంగు అంటితే ఆ దర్రీని ముంచొద్దు. పొడి గుడ్డకే అంటితే ఉతకొచ్చు, బ్రష్ మాత్రం వద్దు. పరీక్ష కూడా మీరు వాడబోయే సబ్బు నీళ్లతోనే చెయ్యాలి. ఒట్టి నీళ్లకు ఆగిన రంగు సబ్బుకు దిగొచ్చు.

హుజురాబాద్_దుకాణం
చిన్న మాట. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి రంగు గ్యారంటీ అని కొందరు కొనుక్కుంటరు. ఆ గుర్తింపు చెప్పేది ఎక్కడ, ఏ పద్ధతిలో నేసిండ్రు అన్నది. అందులో ఏ రంగు వాడిండ్రన్నది కొనేటప్పుడు అడిగి తెలుసుకోవాల్సిందే. ఇంకోటి, కలంకారీ అచ్చు వేసిన దర్రీలు కూడా మన దగ్గర దొరుకుతయి. వాటి రంగు పోగులో ఉండదు, పైన ఉంటది. మూలమీద తడి గుడ్డ పరీక్ష వాటికి మరీ ముఖ్యం.

పడుగుపేక
పరీక్షలో నెగ్గిందనుకుని నూలు దర్రీ ఉతుకుడు చెప్తున్నా. ఏప్రిల్, మే మంచి కాలం. పొద్దున ఆరింటికి మొదలుపెడితే సాయంత్రానికి ఆరుతుంది. జూన్‌లో వానలు మొదలయ్యాక ఈ పని పెట్టుకోకండి.

ముందు రోజు, దుమ్ము దులిపాక, తూకం వెయ్యండి. సామాన్ల సంచికి తగిలించే చిన్న తూకం చాలు, బరువు రాసిపెట్టుకోండి. ఎందుకో చివర తెలుస్తుంది.

ఇక దుమ్ము సంగతి. చాలామంది ఈ మెట్టు ఎగ్గొట్టి నీళ్లు పోస్తారు. పోగుల నడుమ ఉన్న ఇసుక తడిసి బురద అవుతుంది, అది పోవడానికి పది బకెట్లు కూడా చాలవు. దర్రీని గట్టి తాడు మీద వేసి వెనక నుంచి బెత్తంతో, వెదురు కర్ర అయినా సరే, కొట్టండి. అంచులు, కుచ్చుల మీద కొట్టొద్దు. దుమ్ము లేవడం ఆగాక రెండో వైపు. వ్యాక్యూమ్ ఉంటే గుండ్రంగా తిరిగే బ్రష్ తీసేసి, ఒట్టి గొట్టంతో, కుచ్చులకు రెండంగుళాలు ఇవతలే ఆపండి. కుచ్చు గొట్టంలోకి పోతే పడుగు పోగు తెగి వస్తుంది.

మిద్దె మీద సున్నం, తెల్లటి కూల్‌రూఫ్ పూత ఉంటే ముందు శుభ్రమైన తార్పాలిన్ పరవండి. సున్నపు క్షారం ఉన్నికి శత్రువు, నూలు రంగులకూ మంచిది కాదు. 10 లీటర్ల చల్లటి నీళ్లలో 25 మిల్లీలీటర్ల ద్రవ సబ్బు, ఉన్ని బట్టలకు అమ్మేది, కలపండి. దర్రీ అంతా ఒక్కసారి తడిసేలా మగ్గుతో పోసి, మెత్తటి బ్రష్‌తో పేక పోగులు పోయిన దిక్కుకే రుద్దండి. అడ్డంగా రుద్దితే పోగులు లేస్తాయి. ఒక్కో వైపుకు ఐదు నిమిషాలు చాలు. తిరగేసి మళ్లీ అదే.

జాడించేటప్పుడు నేల తుడిచే రబ్బరు వైపర్ తీసుకుని, నీళ్లు పోస్తూ ఒక కొస నుంచి ఇంకో కొసకు నొక్కి తోయండి. మురికి నీళ్లు బయటికి వస్తాయి. ఇట్లా 4 సార్లు. అరచేతికి జిగట తగలకుండా, బయటికొచ్చే నీళ్లలో నురగ లేకుండా అయ్యేదాకా ఆపొద్దు. మిగిలిపోయిన సబ్బే రెండు నెలల్లో దుమ్మును మళ్లీ పట్టి తెస్తుంది. "ఉతికాక తొందరగా మురికైతుంది" అనే ఫిర్యాదుకు కారణం చాలావరకు ఇదే.

మంథని_కుంకుడు
ద్రవ సబ్బు బదులు కుంకుడు రసం వాడొచ్చు. 12 కాయలు గింజ తీసి లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి రెండుసార్లు వడపోసి, 10 లీటర్లలో కలుపుకోవాలి. ఉన్నికి ఇది చాలా మంచిది, క్షారం లేదు. తెలుపు నూలు మీద మాత్రం గోధుమ ఛాయ వదులుతుంది. మిద్దె గారి దర్రీలో తెలుపు చారలున్నాయి కాబట్టి దానికి వద్దు, ఉన్ని తివాచీకి వాడండి.

బోరు నీళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. మన దిక్కు బోర్లు చాలావరకు కఠిన నీళ్లు. బట్టల సబ్బు బిళ్ల వాడితే ఆ సున్నపు లవణాలతో కలిసి తెల్లటి జిడ్డు తెట్టు పోగుల్లో ఇరుక్కుంటుంది. నల్లా నీళ్లు దొరికితే చివరి రెండు జాడింపులకైనా అవి వాడండి. లేదంటే ఆఖరి 10 లీటర్లలో 100 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ కలిపి పోసేయండి.

కాజీపేట_జంక్షన్
వెనిగర్ల బేకింగ్ సోడా కలిపితే నురగ వస్తది, అదైతే మురికి లాగుతది కదా?

రంగులబాయి
ఆ నురగ ఒట్టి గాలి. పులుపు, క్షారం ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుని మిగిలేది ఉప్పు నీళ్లే. వాసన పోవాలంటే సోడా పొడిగా చల్లి, గంట ఆగి దులిపేయడం సరే, అదీ నూలు మీద. మరకకు వెనిగర్ విడిగా. రెండూ ఒకే బకెట్లో పోస్తే రెండూ దండగే.

బట్టల పొడి, బ్లీచింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. బట్టల పొడి క్షారం, పైగా చాలావాటిలో ప్రోటీన్ మరకలను కొరికే ఎంజైములుంటాయి. ఉన్ని, పట్టు రెండూ ప్రోటీనే. మరకతో పాటు తివాచీని కూడా కొరుకుతాయి. క్లోరిన్ బ్లీచి అయితే ఉన్నిని నేరుగా కరిగిస్తుంది. నూలు కుచ్చులు తెల్లబడాలని బ్లీచిలో ముంచేవాళ్లున్నారు. మూడు నాలుగు సార్లకు అవి చేతిలోకి ఊడొస్తాయి.

మానేరు_ఒడ్డు
మరకలు ఉతకకముందే చూడాలి, ఉతికాక కాదు.

పసుపు, కుంకుమ పొడిగా ఉన్నంతసేపు నీటి చుక్క పడనియ్యొద్దు. దర్రీ మూల ఎత్తి వెనక నుంచి తట్టండి, మిగిలింది వ్యాక్యూమ్‌తో లాగండి. వేలితో తుడిచారా, నూనె పెట్టి అద్దినట్టే.

పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. "రంగు ఇంకా పెరిగింది" అని గాబరా పడతారు. అది పసుపులోని రంగు క్షారానికి తిరగబడటం. వెనిగర్ చుక్క వేస్తే మళ్లీ పసుపుపచ్చకు వస్తుంది. ఆ రంగుకు అసలు శత్రువు వెలుగు. చల్లటి నీళ్లతో అద్ది, ఆ మరక ఒక్కటే కనపడేలా చుట్టూ గుడ్డ కప్పి, రోజుకు రెండు గంటలు ఎండ చూపించండి. నాలుగైదు రోజుల్లో చాలా తేలికపడుతుంది. చుట్టూ కప్పడం మరవొద్దు, లేకపోతే ఎరుపు కూడా వెలుస్తుంది.

కుంకుమ రెండు రకాలు. పసుపు, సున్నం కలిపి చేసిందయితే నిమ్మరసం చుక్కకు పసుపుపచ్చగా మారుతుంది, అప్పుడు పైన చెప్పిన ఎండ వైద్యమే. నిమ్మరసానికి ఎరుపు మారకపోతే అది రసాయన రంగు. సర్జికల్ స్పిరిట్ తెల్ల గుడ్డకు అంటించి, రుద్దకుండా అద్దుతూ గుడ్డ మారుస్తూ పోండి. ముందు దర్రీ ఎరుపు మీద స్పిరిట్‌తోనూ మూల పరీక్ష చెయ్యాలి.

పప్పుచారులో మూడు వస్తువులున్నాయి: నూనె, చింతపండు, పసుపు. ఆ వరసలోనే తీయాలి. ఎండిన మెతుకులు చెంచా అంచుతో గీకి, తెల్లటి మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) గానీ సుద్దపొడి గానీ చల్లి, పైన కాగితం, బరువు పెట్టి నాలుగు గంటలు వదిలేయండి. శనగపిండి వాడకండి, దాని పసుపు ఛాయ అదనపు మరక. పొడి దులిపాక గ్లాసు నీళ్లలో అర చెంచా ద్రవ సబ్బు, గుడ్డతో అంచు నుంచి నడిమికి అద్దండి. నడిమి నుంచి బయటికి అద్దితే మరక వలయమవుతుంది. తర్వాత వెనిగర్ ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు. చివరికి ఎండ.

పిల్లలు మూత్రం పోస్తే ఆ గంటలోనే పని. గుడ్డతో పీల్చి, చల్లటి నీళ్లు పోసి, మళ్లీ పీల్చాలి, మూడుసార్లు. తాజాగా ఉన్నప్పుడు కాస్త పుల్లటిది, నిలవ ఉంటే అమ్మోనియాతో క్షారమై ఉన్ని రంగును శాశ్వతంగా మారుస్తుంది. అప్పుడిక ఏ వెనిగర్‌తోనూ వెనక్కి రాదు. రక్తానికి చల్లటి నీళ్లే, వేడి నీళ్లు తగిలితే గడ్డకట్టి పోగులో కూర్చుంటుంది. కిళ్లీ మరక గురించి అడగొద్దు, కాచు, సున్నం కలిసిన ఆ ఎరుపును పూర్తిగా తీసే దారి ఇంట్లో లేదు.

నయీంనగర్_మిద్దె
చాలా థాంక్స్ అందరికీ. ఉన్ని దాని వెనక ముడులే ఉన్నయి, గుడ్డ లేదు. కాల్చి చూస్తే వెంట్రుక వాసన వచ్చింది. దాన్ని కూడా దర్రీ లెక్కనే ఉతకాల్నా? ఆరబెట్టేది పిట్టగోడ మీద వేస్తే సరిపోతదా?

పడుగుపేక
పిట్టగోడ మీద వద్దు. 3 కిలోల దర్రీ తడిస్తే మూడింతల దాకా బరువెక్కుతుంది. గోడ అంచు మీద ఆ బరువంతా ఒకే గీత మీద పడి పడుగు సాగుతుంది, ఆరాక నడుమ ఉబ్బు, అంచులు వంకర. పరిచి ఆరబెట్టడానికి నులక మంచాన్ని మించిన సాధనం లేదు, కింద నుంచీ పై నుంచీ గాలి. 4×6కు రెండు మంచాలు జోడించండి. నులక రంగుదైతే తెల్ల నూలు చీర అడుగున పరవండి. ఇంకా చెమ్మగా ఉన్నప్పుడే నాలుగు మూలలు లాగి చదరం చూసుకోండి. మొదటి ఉతుకులో నూలు కొంత కుంచించుకుపోతుంది, పడుగు ఒక తీరు, పేక ఒక తీరు.

ఉన్ని తివాచీకి తేడాలు ఇవి. నీళ్లు చల్లగానే, 30 డిగ్రీలు దాటొద్దు. వేడి, రాపిడి కలిస్తే ఉన్ని పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని అట్ట కడుతుంది. బ్రష్, వైపర్ రెండూ బొచ్చు వాలిన దిక్కుకే. చేత్తో నిమిరితే నున్నగా తగిలే దిక్కు అది. నానబెట్టడం 10 నిమిషాలు దాటకూడదు. ఆఖరి నీళ్లలో వెనిగర్ తప్పనిసరి. మధ్యలో రంగు దిగితే కంగారుపడి ఆపేయకండి, ఆగితే రంగు పక్కకు పాకుతుంది. పుల్లటి చల్ల నీళ్లు ఆపకుండా పోస్తూ, వైపర్‌తో తోస్తూ, వెంటనే పరిచి ఫ్యాను పెట్టండి. ఉన్నికి వేసే రంగులు పులుపులో పోగును పట్టుకుంటాయి. నూలు రంగులకు ఈ వెనిగర్ ఉపాయం పనిచేయదు, అక్కడ వేగమే మందు.

సూటి ఎండ మొదటి గంట చాలు, తర్వాత నీడ, గాలి. అయితే ఆరడం ఒక పగలు దాటితే నూలు పడుగులోంచి గోధుమ రంగు పైకి ఎక్కుతుంది. నీరు ఎక్కడ ఆవిరైతే మురికీ అక్కడికే చేరుతుంది. వచ్చిన మరకకు వెనిగర్ ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు తుడిచి, వెంటనే ఆరబెట్టాలి.

ఇప్పుడు ఆ తూకం. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పట్టుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. ముందు రోజు రాసిన బరువుకు దిగి వచ్చేదాకా గదిలో పరవొద్దు. ఒక పావు కిలో ఎక్కువున్నా ముక్కిపోయిన వాసన పుడుతుంది.

జమ్మికుంట_పత్తి
వానాకాలం దాచిపెట్టేవాళ్లకు. మడత పెట్టొద్దు, ఒకే చోట మడిస్తే ఆ గీతలో పడుగు విరుగుతుంది. మూడంగుళాల పీవీసీ పైపుకు పాత దుప్పటి చుట్టి, దాని మీద తివాచీ చుట్టి, పైన నూలు గుడ్డ కప్పండి. పాలిథీన్ కవరు చెమ్మను లోపలే ఉంచి బూజు పెంచుతుంది.

ఉన్ని పురుగు తినేది ఉన్ని, పట్టు, వెంట్రుక. ఒట్టి నూలు దర్రీ జోలికి రాదు, కాని దాని మీద ఆహారపు జిడ్డు, గంజి ఉంటే సిల్వర్‌ఫిష్, బొద్దింకలు వస్తాయి. తినేది రెక్కల పురుగు కాదు, దాని లార్వా. చీకటి, కదలిక లేని చోటు, అంటే సోఫా కింద సగం, దానికిష్టం. నెలకోసారి ఆ సగాన్ని తిరగేసి వెనకా ముందూ దులిపితే గుడ్లు నిలవవు. పురుగు కనపడితే చిన్న తివాచీని పాలిథీన్‌లో గాలి పోకుండా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో, మైనస్ 18 దగ్గర, రెండు వారాలు ఉంచండి. మామూలు ఫ్రిజ్ చలి సరిపోదు.

వేపాకు పురుగును చంపదు. పచ్చి ఆకు పెడితే పైగా దాని చెమ్మకు ఆకు ఆకారంలో మరక పడుతుంది. కలరా ఉండలు మూసిన పెట్టెలోనే పనిచేస్తాయి, గుడ్డలో మూటగట్టి, ఉన్నికి తగలకుండా. పిల్లలు పడుకునే గదిలో వద్దే వద్దు. జీ6పీడీ లోపం, అంటే పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం, ఉన్న పిల్లలకు ఆ ఆవిరి ఎర్ర రక్తకణాలను చిట్లించొచ్చు.

హుజురాబాద్_దుకాణం
1851లో లండన్ మహా ప్రదర్శనకు మన వరంగల్ నుంచి పోయినవి ముడి తివాచీలు. ఇంట్లో తాతలనాటిది అట్లాంటి ముడిది ఉంటే ఈ మిద్దె ఉతుకుడు దానికి వర్తించదు. పడుగు పెళుసుబారి ఉంటది, తడి బరువుకే చిరుగుతది. దులపడం కూడా పైన సన్నటి నెట్ గుడ్డ పరిచి, వ్యాక్యూమ్ తక్కువ లాగుడు మీద.

నయీంనగర్_మిద్దె
రేపు పొద్దుగాల దర్రీతో మొదలుపెడుతున్న. ఒక కొసకు కుచ్చు ముడులు నాలుగు ఊడినయి, పేక రెండు మూడు వరసలు జారింది. ఉతికినంక కుట్టాల్నా, ముందా?

పడుగుపేక
ముందే. ఊడిన చోట నీళ్లు తగిలితే జారింది ఇంకో అంగుళం జారుతుంది. జారిన పేకను భోజనం చేసే ఫోర్కుతో పడుగు వెంట లోపలికి దువ్వి బిగించండి. ఊడిన పడుగు పోగులు ఆరేసి చొప్పున పట్టి, పేక అంచుకు తగిలేలా మామూలు ముడి వెయ్యండి. తర్వాత మందపాటి తెల్ల నూలు దారాన్ని రెండు పేటలు చేసి, తేనెమైనం రుద్ది, మొద్దు సూదితో ఆ కొస పొడవునా పావు అంగుళానికి ఒక చుట్టు కుట్టు. సూది మూడు పేక వరసల లోపల దిగాలి, ఒక్క వరసలోనే గుచ్చితే ఆ వరసతో సహా ఊడొస్తుంది. నైలాన్ దారం వాడొద్దు, నూలును కోస్తుంది. ఊడని పక్క కుచ్చులను ఉతికేటప్పుడు పాత గుడ్డలో చుట్టి వదులుగా కట్టండి, చిక్కుపడవు.

కాజీపేట_జంక్షన్
తూకం మా ఇంట్ల ఉంది, కావాలంటే తెచ్చిస్త. ప్రెజర్ గన్ మాట వాపసు తీసుకుంటున్న.